షెడ్డులో లేని మాట

మనవరాలికి పెళ్ళీడు వచ్చినా ఆ వీధిలో ఆవిడ చిన్నకోడలే. ఆ పిలుపు పెట్టిన అత్తగారు పోయారు, మామగారు పోయారు, కట్టుకున్నవాడూ పోయాడు, పిలుపు మాత్రం పోలేదు. కూరగాయల బండివాడు సైతం "చిన్నకోడలమ్మా, టమాటాలు చూడు, ఎంత గట్టిగా ఉన్నాయో" అని కేకేస్తాడు. ఆవిడకూ అలా పిలిపించుకోవడమే ఇష్టం. చిన్నకోడలు అన్నారంటే ఇంట్లో ఇంకా పెద్దకోడలు ఉందనే కదా అర్థం.

ఉంది మరి. ఒకే ఇల్లు, అటు గది ఆవిడది, ఇటు గది ఈవిడది, మధ్యలో వంటగది ఇద్దరిదీ. అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయాక తోడికోడళ్ళిద్దరూ ఆ వంటగదిని పట్టుకుని మిగిలారు. చిన్నకోడలు ఆవిడను "అక్కా" అంటుంది. అంటుంది అనడం కూడా తప్పేలెండి, చేత్తో చూపిస్తుంది. మగ్గాల షెడ్డు అక్క చెవులు రెండూ తినేసింది.

ఆ షెడ్డు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మరమగ్గాలన్నీ ఒక్కసారి కదిలాయంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా వినపడేది కాదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు మాటను చేతుల్లోకీ పెదవుల్లోకీ దించుకున్నారు. చప్పుడు లేకుండా పెదవులు కదిపితే చాలు, ఆ చివర మగ్గం దగ్గరున్న మనిషి ఇట్టే చదివేసేది. లేని మీసం మెలేస్తే సూపర్‌వైజరు వస్తున్నాడని. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. మనుషులకూ చేతి పేర్లుండేవి. గొంతు దగ్గర చెయ్యి పెట్టి ఊపితే గంటమ్మ, ఎందుకంటే ఆ రొదలో కూడా గొంతు వినపడ్డ మనిషి ఆవిడొక్కతే. చిటికెన వేలు వంచితే చిన్నకోడలు. వంచకుండా నిటారుగా లేపితే ఒంటికి పోవాలని. కొత్తగా చేరిన పిల్లలు ఆవిడను పిలవబోయి సూపర్‌వైజరు చేత బయటికి పంపించుకున్న సందర్భాలున్నాయి. గడ్డం మీద వేలు పెడితే పెద్దకోడలు. అక్కడ ఆవిడకు పుట్టుమచ్చ.

మిల్లు మూతపడింది, షెడ్డులు కూల్చేశారు. రోడ్డు వైపు పొడుగాటి ప్రహరీగోడ ఒకటి మిగిలింది. పోస్టర్లు అంటించేవాళ్ళకూ వీధికుక్కలకూ తప్ప ఎవరికీ అక్కర్లేని గోడ. ఇన్నాళ్ళకు వీధి సంఘం వాళ్ళకు బుద్ధి పుట్టింది. మన మిల్లు, మన మనుషులు, మన గుర్తులు అంటూ ఆ గోడంతా బొమ్మలు వేయించాలన్నారు. గీతలు గీయడానికి ఒక బొమ్మలమ్మాయిని పిలిపించారు, రంగులు నింపడానికి వీధిలో ఎవరొచ్చినా సరేనన్నారు.

ఆ అమ్మాయి మొదట మగ్గాలూ పొగగొట్టమూ వేద్దామనుకుంది. ఒకరోజు బండి దగ్గర తోడికోడళ్ళిద్దరూ ఆమె కంటపడ్డారు. బండికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు, నోరు విప్పకుండా, బండివాడి ముందే వాడి పుచ్చు వంకాయల్ని దుమ్మెత్తిపోస్తున్నారు. వాడు మాత్రం ఇద్దరినీ చూసి నవ్వుతూ తూకం వేస్తున్నాడు.

"బామ్మా, ఏం మాట్లాడుకుంటున్నారు మీరు?" అంది ఆ పిల్ల కళ్ళింత చేసుకుని.

"వాడి గురించేలే అమ్మా. బయటికి చెప్పే మాటలు కావు."

అంతే, మగ్గాలు పోయాయి, పొగగొట్టం పోయింది. గోడ మీదికి చేతులొచ్చాయి. గోడ పొడుగునా మిల్లు ఆడవాళ్ళ చేతులు, ఒక్కో చెయ్యి మనిషంత ఎత్తు, ఒక్కోటీ ఒక్కో మాట. చెప్పడానికి అక్కను రమ్మంటే ఆవిడ రానంది. "రోజూ అక్కడిదాకా నా మోకాళ్ళు నడుస్తాయా? నీకు నోరుంది, పోయి నువ్వు చెప్పు. అంతా అయ్యాక నేను చూస్తా" అంది, చెవులు లేనివాళ్ళకుండే పెద్ద గొంతుతో.

పాత వాచ్‌మన్ గదిలో రంగు డబ్బాల మధ్య బెంచీ వేసుకుని కూర్చున్నారు చిన్నకోడలూ గంటమ్మా. ఒకప్పటి షెడ్డువాళ్ళు మరో ఇద్దరు ముగ్గురు. ఎన్నాళ్ళకో తమను అడిగేవాళ్ళు దొరికారు. ఇక ఆగుతారా? ఒకరు చెయ్యి చూపిస్తే ఇంకొకరు "అట్లా కాదే, మణికట్టు తిప్పాలి" అని కొట్టడం, బొమ్మలమ్మాయి కాగితం మీద గీసుకోవడం. చిన్నకోడలికి ఎంత సంబరమైందంటే, కళ్ళు చెమర్చేదాకా నవ్వింది. అలా నవ్వుతున్నప్పుడే గంటమ్మ మోచేత్తో పొడిచింది.

"అసలైంది దాచావేం? పేలు కుక్కే అక్క సంగతి చెప్పు!"

అందరూ ఘొల్లుమన్నారు.

"ఒద్దులేవే" అంది చిన్నకోడలు, అంటూనే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ దగ్గరపెట్టి చిటుక్కున నొక్కి చూపించింది. నవ్వు ఊపులో చేతులు ముందే లేచాయి.

ఆ సంగతి ఇదీ. చిన్నకోడలిని మిల్లులో పెట్టించింది అక్కే. చేతి మాటలు నేర్పిందీ అక్కే, వంటగదిలో పిండి చేతులతో. అక్కది చెకింగ్ బల్ల. నేసిన గుడ్డ తాను కింద దీపం పెట్టి, ఒక్కో లోపాన్నీ పేను ఏరినట్టు గోటితో లాగి చూసేది. చిన్నకోడలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేసిన తాను ఒకటి ఆ బల్ల మీదికొచ్చింది. అక్క చూసింది, చూసింది, సూపర్‌వైజరు ముందే "ఇది పనికిరాదు" అని పక్కకు నెట్టేసింది. సొంత తోడికోడలిది! ఆ వారమంతా చిన్నకోడలిని మూలనున్న మొరాయించే మగ్గం మీద వేశారు. ఒళ్ళు మండి, అక్క వీపు ఇటు తిరిగినప్పుడు గోళ్ళు రెండూ కలిపి పేను కుక్కింది. వరసలో ఉన్నవాళ్ళంతా మగ్గాల మీద పడి నవ్వారు. ఇంకేముంది, ఆ రోజు నుంచి షెడ్డంతటికీ ఆవిడ పేలు కుక్కే అక్క. ముందు గడ్డం మీద వేలు, వెనక గోళ్ళు.

ఒకసారి అక్క టక్కున వెనక్కి తిరిగింది. చిన్నకోడలి గోళ్ళు ఇంకా గోళ్ళ మీదే ఉన్నాయి. ఏంటది అని కళ్ళెగరేసింది అక్క. ఆ క్షణానికి నోటికి ఏదొస్తే అదే.

"నువ్వూ నేనూ" అంది చిన్నకోడలు పెదవులతో. "రెండు వేళ్ళు, ఇద్దరం. మనం."

షెడ్డు మాటల్లో నువ్వు ఉంది, నేను ఉంది, వాడు ఉంది. మనం లేదు. మగ్గానికొక మనిషి, మనంతో అక్కడ ఎవరికేం పని? ఆ లేని మాట కోసమే ఇన్నాళ్ళూ చూస్తున్నట్టుగా అక్క మొహం విప్పారింది. తను ఆ గుడ్డ వెనక్కి కొట్టిందని చెల్లి అలిగిందేమో, ఇప్పుడు తనే చెయ్యి కలుపుతోందేమో అనుకుంది పాపం. అదే పట్టుకుంది. తిండి గంట కొట్టగానే అంత దూరం నుంచి చిన్నకోడలి వైపు చూసి రెండు గోళ్ళూ ఆనించి చూపించేది, పద అని. అలా చూపించిన ప్రతిసారీ షెడ్డంతా పొట్టలు పట్టుకునేది. అక్క వాళ్ళను చూసి తనూ నవ్వేది.

"అమ్మో!" అంది బొమ్మలమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఇప్పటికీ అలాగే పిలుస్తారా మిమ్మల్ని?"

"పిలుస్తుంది" అంది చిన్నకోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే అదే గేటు పక్కన, అన్నిటికంటే పెద్దది. కింద 'పేలు కుక్కే అక్క' అని రాద్దాం. చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు!"

గంటమ్మ చప్పట్లు కొట్టింది. చిన్నకోడలు కూడా కొట్టిందేమో, ఆ తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా కొట్టలేదని గట్టిగా చెప్పుకోలేకపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క రెండు పళ్ళేలూ పెట్టి కూర్చుని ఉంది. గుమ్మంలో ఈవిడ నీడ పడగానే తలెత్తి, గోళ్ళు రెండూ మెత్తగా ఆనించింది. రా, తిందాం.

చిన్నకోడలు కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలిపింది. ఎన్నడో ఆడిన అబద్ధం, ఎన్నడో అబద్ధం కాకుండా పోయింది, అది తనకు తెలుసు. తన భర్త పోయిన రోజున ఇల్లంతా జనం. అందరూ ఏదో ఒకటి అంటున్నారు, తనకు ఏదీ ఎక్కడం లేదు. ఆ జనం అవతల, గోడకు ఆనుకుని కూర్చున్న అక్క, ఏడుస్తూనే రెండు చేతులూ పైకెత్తి ఆ గోళ్ళు కలిపి చూపించింది. మనం ఉన్నాం. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది చిన్నకోడలికి. ఆనాటి నుంచి ఆ చేతులకు ఆవిడ దగ్గర ఆ ఒక్క అర్థమే ఉంది. మరి పొద్దున్న ఎందుకు నవ్వినట్టు?

చెప్పేద్దామనుకుంది. అక్క పెరుగు గిన్నె ముందుకు తోసింది. తిన్నాక చెబుదాంలే అనుకుంది. తిన్నాక అక్క మోకాళ్ళకు నూనె రాసుకుంటూ పాత షెడ్డు కబుర్లు మొదలుపెట్టింది. రేపు చెబుదాంలే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికి పరిగెత్తినంత పనిచేసింది. గేటు పక్కన రెండు చేతులూ గీసేసి ఉన్నాయి, తన చేతులే, గోళ్ళ మీద గీతలతో సహా. బొమ్మలమ్మాయి నిచ్చెన మీదుంది.

"ఒక్క మాట తల్లీ. ఆ పేరు రాయకు."

"ఏం బామ్మా? అందరికీ అదే నచ్చింది."

"అక్క చదువుకున్న మనిషి. చూస్తుంది."

ఆ పిల్ల నిచ్చెన దిగింది. మంచి పిల్ల, గభాలున అర్థం చేసుకుంది. "మరి ఆవిడ అనుకున్న మాటే రాస్తాను, సరేనా? 'మనం' అని. అదీ నిజమే కదా."

చిన్నకోడలి గుండెల మీది బండ దిగిపోయింది. ఆవిడకు చదువు రాదు కానీ ఆ అమ్మాయి సుద్దతో రాసి చూపించిన రెండక్షరాలూ వేలితో దిద్దుకుని మరీ చూసుకుంది. ఇక చెప్పాల్సిన అవసరమే లేదనుకుంది. గోడే చెబుతుంది, రంగుల్లో, మనిషంత ఎత్తున. ఆ తర్వాత వచ్చిన సాయంత్రాలన్నిటిలోనూ అక్క పక్కనే కూర్చుని, ఆ సంగతి తప్ప అన్నీ చెప్పింది.

గోడ తెరిచే రోజున అక్క దాచుకున్న మంచి బట్టలు కట్టింది. మోకాళ్ళ నొప్పితో వీధి చివరిదాకా వెళ్ళి చాలా కాలమైనా, ఆవేళ చిన్నకోడలి భుజం పట్టుకుని బయల్దేరింది. వీధంతా అక్కడే ఉంది. సంఘం పెద్దాయన మైకులో ఏదో మాట్లాడుతున్నాడు, అక్కకు దాంతో పనిలేదు. ఆవిడ గోడ మొదటి నుంచి మొదలుపెట్టింది, బల్ల మీద గుడ్డ చూసినట్టు, అంగుళం అంగుళం.

"మీసం! వాడే, వాడే!" అని నవ్వింది. "ఇదేంటి, పోగు తెగడమా? వేళ్ళు ఇంకాస్త విడదీయాలి. ఫరవాలేదులే."

గేటు దగ్గరికి వచ్చింది. తలెత్తింది. పెదవులు కదిలిస్తూ చదువుకుంది. చిన్నకోడలి భుజం మీది చెయ్యి బిగుసుకుంది.

"అదిగోనే!" అంది, మైకును మించిన గొంతుతో. "మనం! మనల్ని వేశారే!"

అని తన రెండు గోళ్ళూ ఎత్తి, ఆనించి, జనమందరికీ చూపించింది.

షెడ్డువాళ్ళు నవ్వారు. కావాలని కాదు. ఆ చేతులు లేస్తే నవ్వడం వాళ్ళ ఒంటికి పట్టిన అలవాటు, అంతే. నవ్వు వినపడినా వినపడకపోయినా ఒకటే అక్కకు. ఆవిడా వాళ్ళ వైపు తిరిగి నవ్వింది. అప్పుడే గంటమ్మ పక్కావిడ వైపు తిరిగి ఒక మాట అంది. పక్కన పెద్దలున్నారని, మైకు ఉందని, గొంతు పైకి రానివ్వకుండా షెడ్డులో మాదిరిగా వట్టి పెదవులతో అంది.

"ఇంకా తెలీదే పాపం! పేలు కుక్కే అక్క."

చెవిటిదాని ముందు చప్పుడు చేయకుండా మాట్లాడితే చాలనుకుంది గంటమ్మ. చప్పుడు లేని మాటే ఆవిడకు వినపడే మాటని మరిచిపోయింది. ఆ షెడ్డులో అంతమంది ఉన్నా, ఆ చివర నుంచి ఈ చివరకు పెదవులు చదవడంలో అక్కను కొట్టినవాళ్ళు లేరు.

అక్క నవ్వు మొహం మీదే ఉంది. కళ్ళు మాత్రం గంటమ్మ పెదవుల మీద నుంచి పక్కావిడ మొహానికి, అక్కడి నుంచి ఇంకొకరికి, ఒక్కొక్కరినే పట్టి చూస్తూ వచ్చాయి. చివరికి చిన్నకోడలి దగ్గర ఆగాయి. ఎత్తిన చేతులు ఇంకా ఎత్తే ఉన్నాయి. వాటిని ఒకసారి చూసుకుంది. మెల్లిగా దించి, పక్కలకు రాసుకుంది, తడి తుడుచుకున్నట్టు.

"కాళ్ళు లాగుతున్నాయి. పోదాం" అంది.

దారిలో భుజం పట్టుకోలేదు, గోడ పట్టుకుని నడిచింది. ఇంటి గుమ్మం ఎక్కాక చిన్నకోడలు ముందుకొచ్చి నిలబడి, "అక్కా, నేను..." అని పెదవులు కదిలించింది.

"పేరు పెట్టినందుకు కాదే" అంది అక్క. ఆ గొంతు మామూలుగానే పెద్దది, కోపం లేదు. "అందరికీ పేర్లు పెట్టాం, నాకూ పెట్టారు. ఏరేదాన్నే కదా నేను, సరిగ్గానే పెట్టారు. కానీ ఆ మాట నా చేతులతో నా చేతే అనిపించావు చూడు. ఇన్నేళ్ళూ. మీ ఆయన పోయిన రోజున కూడా."

"కాదక్కా, ఆ రోజుకి అది..." అంది చిన్నకోడలు. చేతులు కూడా కలిపింది. ఆ రోజుకు అది నిజంగా మనమే అయిందని, నువ్వు అన్నందువల్లే అయిందని, ఎన్ని మాటలో గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి.

అక్క మొహం తిప్పేసుకుంది. వినే మనిషైతే మొహం తిప్పుకున్నా వెనక నుంచి చెప్పొచ్చు, ఏడవొచ్చు, తలుపు కొట్టొచ్చు. అక్క మొహం తిప్పుకుంటే ఇక ఆవిడతో చెప్పడానికి దారే లేదు. చిన్నకోడలు ఆ వీపు వైపు చాలాసేపు మాట్లాడింది. అంతా మాట్లాడింది. ఒక్క ముక్కా చేరలేదు.

ఆ మర్నాడే గంటమ్మ వచ్చింది, మొహం చిన్నబుచ్చుకుని. "నా నోరు పడిపోనూ" అని అక్క చేతులు పట్టుకుంది. అక్క ఆవిడకు కాఫీ ఇచ్చింది, మనవడి జ్వరం సంగతి అడిగింది. గోడ మీద ఆ బొమ్మ తీయించేస్తానని బొమ్మలమ్మాయి కబురు పెడితే, వద్దని చెప్పించింది. "షెడ్డు మాటలు వేస్తామన్నారు, వేశారు. అది షెడ్డు మాటే. ఉండనీ" అంది. దాంతో ఆ చేతులు గేటు పక్కన అలాగే ఉన్నాయి. కొత్తగా పెళ్ళయిన జంటలు వచ్చి వాటి కింద నిలబడి, గోళ్ళు ఆనించి ఫోటోలు దిగుతున్నారు. బడిపిల్లలు స్నేహితులను అలాగే పిలుచుకుంటున్నారట. వీధంతా ఆ మాట నేర్చేసుకుంది.

ఇంట్లో మాత్రం పోయింది. పోట్లాట లేదు, ఎడమొహం పెడమొహం లేదు. అన్నం వేళకు రెండు పళ్ళేలూ పెట్టి ఉంటాయి. అక్క వచ్చి చిన్నకోడలి మోచెయ్యి తట్టి వెళుతుంది, అంతే. నూనె అయిపోతే చెబుతుంది, నీళ్ళొస్తే చెబుతుంది. వంకాయలు పుచ్చినా బండి దగ్గర ఎవరినీ తిట్టదు. చిన్నకోడలు చాలాసార్లు ఎదురుగా కూర్చుని మొదలుపెట్టబోయింది. ఎలా తెలుస్తుందో ఏమో, సరిగ్గా అప్పుడే అక్క బియ్యం చేటలోకి తల వంచేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. పెరట్లో పెద్ద దుప్పటి ఆరేసి ఉంది. తడిస్తే ఒక్క మనిషి ఎత్తలేని బరువు. చిన్నకోడలు గబగబా అక్క గదిలోకి వెళ్ళి ఎదురుగా నిలబడింది. దుప్పటి అని చూపించింది, వాన అని చూపించింది. పద, మనం తెద్దాం అనడానికి చేతులు అలవాటుగా లేచాయి. బొటనవేళ్ళు రెండూ దగ్గరికి వస్తూ వస్తూ గాలిలో ఆగిపోయాయి. అక్క వాటినే చూస్తోంది.

ఆ మాటకు షెడ్డులో ఇంకో గుర్తు లేదు. చిన్నకోడలు చేతులు విడదీసింది. వేలితో అక్కను చూపించింది. నువ్వు. తర్వాత అదే వేలితో తన గుండెను చూపించుకుంది. నేను.

అక్కకు అర్థమైంది. తల ఊపి, మంచం పట్టీ పట్టుకుని లేచి, ముందు తనే పెరట్లోకి నడిచింది. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.